హగరి ఇసుక దిబ్బల్లో రాత్రి నడక: నా అనుభవం

టార్చి అద్దానికి ఎర్ర కాగితం చుట్టుకొని రమ్మని మెసేజ్ వచ్చింది. కాలు పూర్తిగా మూసే బూట్లు, మందపాటి పొడుగు ప్యాంటు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఉండాలి. సెంటు పూసుకోకూడదు. ఫోన్ తీయాల్సి వస్తే వెలుగు బాగా తగ్గించుకోవాలి. ఇంటర్ పరీక్షలు అప్పుడే అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న మా అక్క కొడుకు ఆ మెసేజ్ నా భుజం మీంచి చదివి, "మన జిల్లాలో ఎడారేంది పిన్నీ?" అన్నాడు. అయితే నువ్వూ రా అని వాడి పేరు కూడా ఇచ్చేశాను.

పోయేది అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలోని దర్గాహొన్నూరుకు. కళ్యాణదుర్గం, రాయదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు దాకా పోవాలి. ప్రకృతి మీద ఇష్టమున్న కొందరు టీచర్లు, ఉద్యోగులు కలిసి అప్పుడప్పుడూ ఇలాంటి రాత్రి నడకలు పెడుతుంటారు. ఈసారి కొత్త అమావాస్యకు ముందు రాత్రి పెట్టారు. అమావాస్య నాడు ఊళ్ళో పూజలుంటాయి, దారి చూపించే పెద్దాయన రాలేడు. అందుకని ఒకరోజు ముందు. చంద్రుడు తెల్లారుజామున తప్ప కనబడడు కాబట్టి చీకటికి ఏ లోటూ ఉండదు.

పోయే ముందు కొంచెం చదువుకున్నాను. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడేది అనంతపురంలోనే అని మేము బళ్ళో చదివినప్పటి నుంచీ వింటున్న మాట. నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తుంది. మధ్యలో మనం. అయినా ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. ఎడారి అనిపించుకోవాలంటే 250 కన్నా తక్కువ పడాలి. అంటే హొన్నూరు ఇసుకకు వానలేమి ఒక్కటే కారణం కాదు. అది నదిలోంచి లేచి వచ్చిన ఇసుక.

ఆ నది వేదవతి. ఇక్కడివాళ్ళు హగరి అంటారు. కర్ణాటకలో బాబాబుడన్ కొండల్లో పుట్టి, చిత్రదుర్గం జిల్లా మీదుగా మన జిల్లాలోకి వచ్చి, చివరికి తుంగభద్రలో కలుస్తుంది. దారిలో హిరియూరు దగ్గర మైసూరు రాజుల కాలంలో కట్టిన వాణివిలాస సాగరం ఉంది. 1907లో పూర్తయింది. ఆ డ్యామ్ 1933లో నిండి పొర్లాక మళ్ళీ పొర్లింది 2022లోనే. కిందికి వచ్చాక మన దగ్గర భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఇన్ని దాటుకొని హొన్నూరు దాకా నీళ్ళు వచ్చే ఏడు అరుదు. నీళ్ళు రాని నదిలో మిగిలేది ఇసుకే. ఆషాఢ, శ్రావణాల్లో పడమటి గాలి లేచిందంటే ఆ ఇసుక ఒడ్డెక్కి చేలమీద పడుతుంది.

ఇది కాగితం మీద చదివిన సంగతి. అక్కడికి పోయి నిలబడేదాకా నాకు బుర్రకెక్కలేదు.

ఊరు చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. దారి పొడవునా నన్ను ఆశ్చర్యపరిచింది ఇసుక కాదు, వరి. కణేకల్లు, బొమ్మనహాళ్ చుట్టుపక్కల తుంగభద్ర ఎగువ కాలువ పారుతుంది. హెచ్చెల్సీ అంటారు అందరూ. ఎక్కడో హొస్పేట దగ్గర డ్యామ్‌లో బయలుదేరి, హగరిని దాటుకొని మరీ వస్తాయి ఆ నీళ్ళు. కాలువ కింద పచ్చగా మడి. కాసేపు పోతే ఊరి పక్కనే పసుపుపచ్చని దిబ్బలు, వాటి మీద అక్కడక్కడా రెల్లు దుబ్బులు. రెండింటి మధ్య దూరం బండి మీద పోతే నిమిషాల్లో లెక్క.

మమ్మల్ని నడిపించేది ఇద్దరు. ఒకరు కాలేజీలో జువాలజీ చెప్పే మేడమ్. ఇంకొకరు ఆ ఊరి గొర్రెల కాపరి, డెబ్భై దాటిన మనిషి. అందరూ తాత అనే పిలుస్తారు. తెల్ల పంచె, భుజాన కంబళి, చేతిలో తనకన్నా పొడుగైన కర్ర. మా బూట్లన్నీ ఒకసారి పరీక్షగా చూసి, హిందూపురం నుంచి వచ్చిన ఒకాయన కాళ్ళ దగ్గర ఆగాడు.

"ఏం సార్, శాండిల్స్ ఏసుకొచ్చినారే? ఏళ్ళు బయటుండాయి."

"నడవడానికి తేలిగ్గా ఉంటాయని తాతా."

"తేలుకీ తేలికే సార్" అన్నాడు తాత, నవ్వకుండా. ఆయనకు ఊళ్ళో ఎవరి ఇంట్లోనో అడిగి బూట్లు తెప్పించాక గానీ కదల్లేదు.

మేడమ్ బ్యాగులో కట్టుగుడ్డలు, ఒక పెద్ద ఫ్లాస్కు, ఊదారంగు వెలుగిచ్చే చిన్న టార్చి ఉన్నాయి. అంతకన్నా నాకు నచ్చింది ఇంకొకటి. దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, పాముకాటు మందు స్టాకు ఉందో లేదో కనుక్కొని, డ్రైవరుకు దారి చూపించి ఉంచారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఆ పింజరి జాతిలోనే చిన్నగా ఉండి ఇసుకలో తిరిగే ఇంకో పాము, ఈ నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్ పనిచేస్తుందని, కరిచినచోట కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఎవరూ చేయవద్దని, కదలకుండా మనిషిని ఆసుపత్రికి చేర్చడమే వైద్యమని స్పష్టంగా చెప్పారు. రాత్రిపూట ఇలాంటి చోట్లకు తీసుకుపోయేవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఈ ఏర్పాటు చేసుకున్నారా లేదా అని అడిగే కదలాలని నా అభిప్రాయం.

పొద్దు గుంకేలోపు ఒకసారి దిబ్బలు చూపించారు. ఇసుకలో చేయి పెట్టి ఉంచలేకపోయాం, అంత వేడి. పడమటి వైపు నుంచి ఎక్కితే ఏటవాలు మెల్లగా ఉంది, ఇసుక గట్టిగా ఉండి కాలు దిగలేదు. శిఖరం దాటి తూర్పుకు దిగబోతే ఒక్కసారిగా జారుడు, మోకాలి దాకా కూరుకుపోతాం. గాలి పడమట నుంచి ఇసుకను తోసుకుంటూ ఎక్కించి, అటుపక్క రాల్చేస్తుంది. ఎండు ఇసుక ఏ కుప్పలోనైనా దాదాపు 33, 34 డిగ్రీల వాలు మించి నిలవదని, అంతకు మించితే జారిపోతుందని మేడమ్ చెప్పారు. మావాడు తన ఫోన్లో వాలు కొలిచే యాప్ పెట్టి చూశాడు. 32 చూపించింది. ఆ తర్వాత వాడు ఎడారి ఎక్కడ అని అడగలేదు.

ఏడున్నరకు అసలు నడక మొదలైంది. మొదటి అరగంట నడవలేదు. దిబ్బ పాదం దగ్గర అందరినీ కూర్చోబెట్టి లైట్లన్నీ ఆర్పించేశారు. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్క తెల్ల లైటు పడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఎర్ర వెలుగు మాత్రం ఆ అలవాటును పెద్దగా చెడగొట్టదు, కాగితం చుట్టమన్నది అందుకే. మొదట పది నిమిషాలు పక్కనున్న మనిషి కూడా కనబడలేదు, కొంచెం భయమేసింది. తర్వాత ఒక్కొక్కటిగా దిబ్బ అంచు, రెల్లు దుబ్బు, తాత కర్ర తేలి కనబడసాగాయి. వెన్నెల లేదు, దీపం లేదు, ఒట్టి చుక్కల వెలుగులో ఇసుక తెల్లగా కనబడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

చుక్కల గురించి తాతకు తెలిసినంత మా అందరికీ కలిపినా తెలియదు. నడినెత్తికి కాస్త పడమరగా గొల్లకావడి, వరుసగా మూడు చుక్కలు. దానికి ఇంకా పడమట పిల్లలకోడి, అదే కృత్తికలు. దక్షిణాన కిందుగా ధగధగా మెరుస్తున్నది అగస్త్య నక్షత్రమని మేడమ్ చెప్పారు. ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళకు అది నేలనంటుకొని కనబడుతుంది, మనకు కాస్త పైకెక్కి కనబడుతుంది. ధ్రువ నక్షత్రం సంగతి దానికి తలకిందులు. ఎక్కడుంటే అక్కడి అక్షాంశమెంతో అంత ఎత్తులోనే అది కనబడుతుంది కాబట్టి ఇక్కడ 15 డిగ్రీలే. ఎంత వెతికినా మాకు దొరకలేదు. ఉత్తరాన బళ్ళారి వెలుగు ఆకాశం అంచంతా కమ్మేసి ఉంది.

"నా చిన్నప్పుడు అది కనపడేది మ్మా. ఇబ్బుడు ఆ పక్క ఎప్పుడూ తెల్లారినట్లే ఉంటాది" అన్నాడు తాత.

తూర్పు, దక్షిణాల వైపు దూరంగా గాలిమరల మీది ఎర్ర దీపాలు అన్నీ ఒక్కసారే వెలుగుతూ ఒక్కసారే ఆరుతూ ఉన్నాయి. మొత్తం ఆకాశంలో లెక్క తప్పకుండా నడిచేవి అవే.

ఒకరి వెనక ఒకరం నడిచాం. తాత ముందు, మేడమ్ చివర. ఎవరూ పక్కకు పోకూడదు, దుబ్బుల మొదట్లో కాలు పెట్టకూడదు, మూత్రానికి పోవాలన్నా చెప్పి పోవాలి. తాత నేలను చదువుతూ నడుస్తాడు. ఒకచోట కర్ర అడ్డం పెట్టి ఆపాడు. ఎర్ర వెలుగు కిందికి వంచి చూస్తే ఇసుక మీద ఏటవాలుగా, ఒకదానికొకటి తగలకుండా, విడివిడిగా గీతలు ఉన్నాయి. పక్కపక్కనే పోతున్నాయి. పాము పాకితే ఒకటే మెలికల చార పడాలి కదా అని నా అనుమానం. ఇది చిన్న పింజరి జాతి పాము, ఒళ్ళు పక్కకు ఎత్తి ఎత్తి వేస్తూ పోతుంది, అందుకే గీతలు తెగి ఉంటాయని మేడమ్ వివరించారు. దానికి కోపమొస్తే చుట్టలు చుట్టుకొని ఒంటి పొలుసులు ఒకదానితో ఒకటి రాచి గరగరమనిపిస్తుందట. మేం చెవులు రిక్కించాం.

"పోయి శానా సేపయింది. అంచులు జారినాయి సూడు" అని తాత గీత అంచు మీద వేలు పెట్టి చూపించాడు. కొత్త గీతైతే అంచు కత్తిలా ఉంటుంది, ఇది మెత్తబడి లోపలికి రాలింది. అంత చీకట్లో, అంత చిన్న తేడా. ఆయనకు అది మనకు గడియారం చూసినంత మామూలు.

ఇంకాస్త పోయాక ఒక సర్కారు తుమ్మ చెట్టు కింద మేడమ్ ఊదా టార్చి వెలిగించారు. నేలంతా చీకటి, అందులో ఒకచోట ఆకుపచ్చని వెలుగు, పాతకాలం వాచీలో రేడియం ముల్లులా. తేలు. డెక్కలు, కొండి, తోక కణుపులు అన్నీ స్పష్టంగా వెలుగుతున్నాయి. తేలు పైపొరలోని కొన్ని పదార్థాలు కంటికి కనబడని ఆ అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని, కనబడే వెలుగుగా తిప్పి ఇస్తాయి. టార్చి ఆర్పితే ఆ క్షణమే మాయం. వెలిగిస్తే మళ్ళీ అక్కడే. అది ఎర్ర తేలా నల్ల తేలా అని అడిగాడు హిందూపురం ఆయన, కొత్త బూట్లు నేలకు గట్టిగా అదిమిపెట్టి. మామూలు లైటు ఒక్క క్షణం వేసి చూసి, ఎర్ర తేలే అన్నారు మేడమ్.

నల్ల తేలు పెద్దదిగా ఉండి భయపెడుతుంది గానీ గుండె మీద దెబ్బ కొట్టేది ఈ చిన్న ఎర్ర తేలే. పిల్లలకు మరీ ప్రమాదం. ఒకప్పుడు ఇది కుట్టి ఆసుపత్రి చేరినవాళ్ళలో కూడా చాలామంది దక్కేవాళ్ళు కాదు. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేస్తూ డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో దీనికి ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్ర వాడి చావులను బాగా తగ్గించగలిగారు. ఖరీదైన మందు కాదు. ఈ సంగతి మేడమ్ చెబుతుంటే తాత కర్రకు ఆనుకొని నిలబడి శ్రద్ధగా విన్నాడు. "మా యవ్వ తేలు కుట్టే పోయింది" అన్నాడు కాసేపటికి. "ఆ మాత్ర అబ్బుడుంటే..." అని మాట పూర్తి చేయలేదు.

ఆ తుమ్మ చెట్టు దగ్గరే ఇంకో కథ. దీన్ని సర్కారు తుమ్మ అనడానికి తగ్గట్టే సర్కారే తెచ్చింది. అమెరికా ఖండం వైపు నుంచి తెప్పించిన విత్తనాలను 1877 ప్రాంతంలో మన కడప జిల్లా కమలాపురంలో చల్లారు. వంటచెరకు కోసం, బీడు నేలలు కప్పడం కోసం. ఇప్పుడు రాయలసీమలో ఎక్కడ చూసినా అదే. ఇక్కడ మాత్రం దాన్ని తిట్టబుద్ధి కాలేదు నాకు. ఈ చెట్టు వేళ్ళు, రెల్లు దుబ్బులు పట్టి ఉంచిన చోట దిబ్బ కదలడం లేదు, దుబ్బు చుట్టూ ఇసుక గంపంత కుప్పగా నిలిచి ఉంది. దుబ్బు పీకేసిన చోట మళ్ళీ పారుతోంది. బోర్లలో నీళ్ళు లాగేస్తుందని రైతులు దాన్ని కొట్టేస్తారు, కొడితే ఇసుక చేలో పడుతుంది. ఎటు పోయినా నష్టమే ఉన్న పరిస్థితి అది. గొర్రెలకు దాని కాయలు ఇష్టం, ఆ లెక్కన తాత దాని పక్షమే.

పెద్ద దిబ్బ శిఖరం ఎక్కేసరికి చిన్న గాలి లేచింది. మేడమ్ ఒక టార్చి ఎర్ర కాగితం విప్పి, దాన్ని ఇసుకకు ఆనించి అడ్డంగా పెట్టి వెలిగించారు. అందరినీ బోర్లా పడుకోమన్నారు. గడ్డం ఇసుకకు ఆన్చి ఆ వెలుగులోకి చూశాను. ఇసుక ఎగురుతోంది. దుమ్ము లేవడం కాదు, రేణువు రేణువు విడిగా ఎగిరి, జానెడు దూరం పోయి పడి, పడ్డచోట ఇంకో రెండింటిని లేపుతోంది. అవి ఎగిరి మళ్ళీ పడుతున్నాయి. శిఖరం అంచు దాకా వచ్చి అటువైపు చీకట్లోకి రాలిపోతున్నాయి. గాలి ఆగితే అన్నీ ఆగాయి. మళ్ళీ వీస్తే మళ్ళీ మొదలు. గాలి గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటే చాలు ఎండు ఇసుక ఇలా గంతులు మొదలుపెడుతుందట. నిలబడి చూస్తే ఏమీ కనబడలేదు. ఎందుకంటే ఇదంతా మోకాలి కిందే జరుగుతుంది.

"ఇది గాలే కాదు మ్మా. ఆషాఢంలో రాండి. పిక్కల మీద సూదులు గుచ్చినట్లుంటాది. గొర్రెలు మొగం తిప్పుకొని కూసుంటాయి. రొట్టెలో ఇసుక, నీళ్ళలో ఇసుక, మంచంలో ఇసుక" అన్నాడు తాత.

అక్కడే కూర్చోబెట్టి ఫ్లాస్కు తెరిచారు. టీ తాగుతుండగా మావాడు తాతను అడిగాడు, "తాతా, మీ చేను యాడుంది?" అని. తాత వెంటనే జవాబివ్వలేదు. కర్ర ఎత్తి మేం కూర్చున్న చోటే కిందికి చూపించాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే: "ఇక్కడే. నాలుగెకరాలు. మా నాయన కాలంలో సద్ద, కొర్ర పండేది. నా కాలంలో బుడ్డలు (వేరుశనగ) ఏసినాం. మొదట గెనెం (గట్టు) మీద ఇసుక చేరింది. ఎత్తి పారబోసినాం. మళ్ళీ ఏడు సేనులో సగానికొచ్చింది. ట్రాక్టరు పెట్టి తీసినాం, తీసిన కూలికి పంట సాలలేదు. ఆ తర్వాత వొదిలేసినాం. బాయి కూడా దీని కిందే ఉంది. గిలక రాయి మొన్న మొన్నటిదాకా కనపడేది. పాసుబుక్కులో మాత్రం నాదే ఉండాది సేను."

ఎవరూ ఏమీ అనలేదు. మావాడు టీ గ్లాసు ఇసుకలో పెట్టబోయి, ఆగి చేతిలోనే పట్టుకున్నాడు. అంతకు ముందు నాకు ఆ దిబ్బ అందంగా కనబడింది. అందంగానే ఉంది కూడా, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ కింద ఒక బావి ఉందని తెలిశాక దాని మీద కూర్చునే తీరు మారింది. ఇది చూడ్డానికి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలియాలి. సినిమావాళ్ళు వస్తుంటారట, ఎడారి సీను తీసుకొని పోతుంటారట. వాళ్ళకు ఇది రాజస్థాన్‌కు బదులు. తాతకు ఇది నాలుగెకరాలు.

పిల్లలకోడి పడమటి అంచున మసకబారింది. "పదిన్నరయింటాది, లేద్దాం" అన్నాడు తాత. మేడమ్ వాచీ చూశారు, పది ముప్పై అయిదు. మావాడు ఆ రాత్రి మిగతా టైమంతా తాత పక్కనే నడిచాడు.

తిరుగు దారి వేరే. నది వైపు దిగి, ఎండిన ఇసుకలోనే ఒడ్డు వెంబడి. ఇక్కడ జంతువులు ఎక్కువ. ఒక చెవులపిల్లి మా కాళ్ళ ముందు నుంచే లేచి వంకరలు తిరుగుతూ పరుగెత్తింది. దూరంగా రెండు కళ్ళు వెలిగాయి, ఆగాయి, పక్కకు జరిగాయి. గుంటనక్క అన్నాడు తాత, దాని నడక చూసే. రాత్రిపూట నేలమీద కూర్చుని పురుగులు పట్టే పిట్ట ఒకటి దారి మధ్యలో కూర్చొని, మేం బారెడు దూరం వచ్చేదాకా కదల్లేదు. కూర్చుంటే మట్టి పెళ్ళకూ దానికీ తేడా తెలియదు. ఎక్కడో తీతువు అరిచింది. తీతువు అరిస్తే ఎవరో పోతారని మా ఇళ్ళల్లో అంటారు. "పోవడం కాదు, రావడం. మనమొస్తాండామని దాని పిల్లలకు చెప్తాంది" అని తాత తేల్చేశాడు.

మధ్యలో ఒక చికాకు. ఎక్కడి నుంచో వచ్చిన రెండు జీపులు హెడ్‌లైట్లు వేసుకొని, పాటలు పెద్దగా పెట్టుకొని దిబ్బ మీదికి ఎక్కించడం మొదలుపెట్టాయి. అరగంట కష్టపడి సంపాదించుకున్న చీకటి చూపు ఒక్క దెబ్బతో పోయింది. అంతకన్నా బాధ, చక్రాల కింద రెల్లు దుబ్బులు నలిగిపోవడం. ఒక దుబ్బు పోతే దాని వెనక పట్టి ఉన్న ఇసుకంతా వచ్చే గాలికాలంలో ఎవరి చేనికో బయలుదేరుతుంది. తాత ఊళ్ళోకి ఫోన్ చేసి ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించాడు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడి జీపులను దించేశారు. దయచేసి అలా మాత్రం రావద్దు. నడిచి రండి, కొందరే రండి, ఊరివాళ్ళను ముందు పెట్టుకొని రండి.

నడిరాత్రి నది మధ్యలో ఆఖరి మజిలీ. సాయంత్రం చేయి పెట్టలేని ఇసుక ఇప్పుడు చల్లగా ఉంది. ఎండు ఇసుక పైపొర వేడిని పట్టి ఉంచుకోలేదు, మబ్బు లేని ఆకాశానికి గబగబా వదిలేస్తుంది. మేడమ్ అరచేత్తో జానెడు లోతు గుంట తీసి చేయి పెట్టమన్నారు. లోపల గోరువెచ్చగా ఉంది, పగటి ఎండ ఇంకా అక్కడే ఉంది. పురుగులు, తేళ్ళు, తొండలు పగలంతా లోతుకు పోయి బతికేది, రాత్రి పైకొచ్చేది ఈ కాస్త తేడా పట్టుకొనే. ఇంకా లోతుగా, మోచేతి దాకా తవ్వితే తడి తగులుతుందేమోనని మావాడు తవ్వాడు. తగల్లేదు. వెనకట చెలమ తీస్తే ఎండాకాలంలో కూడా నీళ్ళు ఊరేవని తాత అన్నాడు. అప్పుడే దూరం నుంచి ట్రాక్టర్ల చప్పుడు వినబడింది. ఆ వేళప్పుడు నదిలో ట్రాక్టర్లకు ఏం పని అని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. నదిలో ఇసుక ఎంత ఉంటే అంత నీటిని అది పట్టి ఉంచుతుంది. ఒడ్డెక్కి చేలు ముంచిన ఇసుకను ఎవరూ తీయరు, నదిలో ఉండాల్సిన ఇసుకను మాత్రం తీసుకుపోతారు. నాకు ఆ రాత్రి అన్నిటికన్నా కోపం తెప్పించిన విషయం ఇది.

ఆగ్నేయంలో వృశ్చికం పూర్తిగా లేచింది, గుండెకాయ దగ్గర జ్యేష్ఠ ఎర్రగా. దాని వెనకే ఒంటి గంట దాటాక పాలపుంత చిక్కటి భాగం పైకి రావడం మొదలైంది. అనంతపురంలో మా మేడమీద నుంచి ఇది ఎన్నడూ చూడలేదు. మావాడికి పదిహేడేళ్ళు, వాడు పుట్టాక పాలపుంత చూడడం ఇదే మొదలు. మబ్బు అనుకున్నాడు. మబ్బు కాదురా అంటే నమ్మక, అది జరుగుతుందేమోనని చాలాసేపు చూశాడు.

రెండు గంటలకు ఊళ్ళోకి చేరాం. తాత ఇంటి ముందు చాపలు పరిచారు. పొద్దున తాత కోడలు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. తిన్నాక తాత లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులోంచి పాసుబుక్కు తీసుకొచ్చి మావాడికి చూపించాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఫోటో అన్నీ ఉన్నాయి. భూమి రకం దగ్గర మెట్ట అని ఉంది.

పోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది: మాఘ, ఫాల్గుణ మాసాలు మంచివి, గాలి తక్కువ, ఆకాశం తేట. ఎండాకాలం ముదిరితే పగలు ఆ ఊళ్ళో నిలవలేం. వానాకాలం మబ్బు, పాముల సంచారం ఎక్కువ. మేమిచ్చిన డబ్బులో సగానికి పైగా తాతకు, భోజనం పెట్టినవాళ్ళకు పోయింది, అలా పోయే ఏర్పాటైతేనే పోండి. చిన్న పిల్లలను తీసుకుపోవద్దు, తేళ్ళతో ఆటలు కాదు. గాలి ఎట్లుంటుందో చూడాలంటే ఆషాఢంలో పగటిపూట రమ్మన్నాడు తాత. మావాడు కాలేజీలో చేరేలోపే పోదామంటున్నాడు. ఈసారి మా అక్క కూడా వస్తానంది.